పిన్ని తోటలో ప్రకటన బోర్డు

జూన్ 8, ఆదివారం

మృగశిర కార్తె మొదలైంది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం బారులు తీరిన జనాన్ని టీవీలో చూపిస్తున్నారు. మేము హబ్సిగూడలో పిన్ని వాళ్ళ మిద్దె మీద, బీర పందిరి కింద, పిన్ని సైటును నెట్‌లో ఉంచే హోస్టింగు బిల్లు ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఏడాదికి 6,400 రూపాయలు.

పిన్ని పన్నెండేళ్ళుగా మిద్దె తోట గురించి రాస్తోంది. తెలుగు టీచరుగా రిటైరయ్యాక పట్టుకున్న పని అది. మొదట్లో ఒక ఉచిత వేదిక మీద రాసేది. నాలుగేళ్ళ కిందట నేనే సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లోకి మార్చి పెట్టాను. 212 టపాలు, అంటే సైటులో పెట్టిన రాతలు, ఉన్నాయి. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు ఏ పాళ్ళలో కలపాలి, పిండినల్లి పడితే వేపనూనె ఎంత కొట్టాలి, కోతుల నుంచి జామకాయను ఎలా కాపాడుకోవాలి, ఇలాంటివి. మామూలు రోజుల్లో నూట యాభై మంది చదువుతారు. తొలకరి పడితే ఆ సంఖ్య రెట్టింపవుతుంది.

"ఈ ఆరు వేలు కూడా కలుపుకుంటే మన ఇంటి వంకాయ కిలో ఎంత పడుతోందో ఎప్పుడైనా లెక్క వేశావా?" అన్నారు బాబాయి.

పిన్ని ఆయనకు జవాబు చెప్పలేదు. నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఆ ప్రకటనలేవో పెట్టు" అంది. ఆ వెంటనే షరతులు మొదలయ్యాయి. జాతకాలు, జూదం కనిపించకూడదు. వాక్యం మధ్యలో తుమ్మినట్టు ఉండకూడదు. ప్రకటనల కోసమని తను ఒక్క మాట ఎక్కువా రాయదు, తక్కువా రాయదు.

ఆ మూడో షరతు వల్లే ప్లగిన్, అంటే సైటుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, వాడాలని తేల్చుకున్నాను. ప్రకటన కోడును థీమ్ (సైటు రూపురేఖల) ఫైళ్ళలో నా చేత్తో అతికించవచ్చు గానీ థీమ్‌కు కొత్త వెర్షన్ రాగానే అది కొట్టుకుపోతుంది. టపాల్లోనే అతికిస్తే 212 టపాలూ తవ్వుకోవాలి, తీసేయాలనుకున్న రోజు మళ్ళీ తవ్వుకోవాలి. ప్లగిన్ అయితే కోడును తన దగ్గర దాచుకుని, పేజీ తయారయ్యే క్షణంలో మాత్రమే మధ్యలో చేరుస్తుంది. పిన్ని రాసింది రాసినట్టే ఉంటుంది. రేపు ప్లగిన్‌ను పీకేసినా కుండీకి గీత కూడా పడదు.

జూన్ 10, మంగళవారం

ఆడ్‌సెన్స్‌కు దరఖాస్తు పెట్టాను. గూగుల్ నడిపే ఆ ప్రకటనల సేవ 2003 నుంచీ ఉంది, తెలుగు పేజీలకు తలుపు తెరిచింది మాత్రం 2018లో. దరఖాస్తుకు ముందు రెండు పేజీలు కొత్తగా రాయాల్సి వచ్చింది: సైటు గురించి, పాఠకుల సమాచారం ఎలా వాడతామో చెప్పే గోప్యతా విధానం. రెండోది నేను రాస్తే పిన్ని ఎర్ర సిరాతో దిద్ది, "ఇది తెలుగా, రిజిస్ట్రారు ఆఫీసు దస్తావేజా?" అని వెనక్కి ఇచ్చింది. మళ్ళీ రాశాను.

లండన్‌లోనూ, డబ్లిన్‌లోనూ మనవాళ్ళు పిన్ని రాతలు చదువుతారు. బ్రిటన్, ఐరోపా పాఠకులకు ప్రకటనలు చూపించే ముందు అనుమతి అడిగే పెట్టె ఒకటి పెట్టాలి. 2024 జనవరి నుంచి అది గూగుల్ గుర్తించిన పద్ధతిలోనే ఉండాలి. ఆడ్‌సెన్స్ ఖాతాలోనే ఆ పెట్టె తయారు చేసుకునే వీలుంది కాబట్టి పావుగంటలో పని అయిపోయింది.

జూన్ 12, గురువారం

రెండు మూడు ప్లగిన్లు చూసి యాడ్ ఇన్సర్టర్ తీసుకున్నాను. ఉచిత వెర్షన్‌లోనే 16 బ్లాకులు ఇస్తుంది. బ్లాకు అంటే ఒక ఖాళీ గంప. అందులో ఏ కోడైనా వేసి, ఎక్కడ దించాలో చెప్పాలి. టపాకు ముందా, తరువాతా, ఫలానా పేరా కిందా అని. ఏ టపాల్లో వద్దో, ఎవరికి చూపించకూడదో కూడా అక్కడే చెప్పవచ్చు.

ఆడ్‌సెన్స్ నుంచి అనుమతి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేను. సైటుకు నకలు ఒకటి తీసి, గంపల్లో ప్రకటనలకు బదులు బూడిద రంగు పెట్టెలు వేసి, వాటి మీద 'ఇక్కడ ప్రకటన' అని రాసిపెట్టాను. ప్రకటనలు పెట్టుకునేవాళ్ళు ఎవరైనా ముందు ఇలా ఉత్త పెట్టెలతో వారం రోజులు బతికి చూడటం మంచిది. అసలు ప్రకటనలు వచ్చాక కళ్ళు డబ్బుల వైపు పోతాయి, పేజీ వైపు పోవు.

మూడు బ్లాకులు పెట్టాను. ఒకటోది టపా లోపల, నాలుగో పేరా తరువాత. రెండోది టపా అయిపోయాక. మూడోది శీర్షిక కిందే, మొదటి వాక్యానికి ముందు.

మూడోదాన్ని చూసి పిన్ని కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "విస్తరి వేసి, పప్పు వడ్డించకముందే తాంబూలం చేతిలో పెట్టి పంపిస్తావా?" అంది. ఆ బ్లాకు పక్కనున్న మీట నొక్కి ఆపేశాను. నిజానికి అక్కడే ఎక్కువ మందికి కనిపిస్తుంది, ఎక్కువ డబ్బులూ వస్తాయి. ఆ మాట పిన్నికి చెప్పలేదు.

జూన్ 15, ఆదివారం

ఈ రోజంతా పేరాల వేట.

కొత్త టపాల్లో బూడిద పెట్టె బుద్ధిగా నాలుగో పేరా కింద కూర్చుంది. పాత టపాల్లో మాత్రం అసలు కనిపించలేదు. సెట్టింగులన్నీ తిరగేశాను, ప్లగిన్ తీసి మళ్ళీ వేశాను. మధ్యాహ్నం భోజనం చేస్తుండగా వెలిగింది. మన కంటికి పేరా అంటే రెండు వాక్య సమూహాల మధ్య ఖాళీ. ప్లగిన్‌కు పేరా అంటే కోడులో 'పి' అనే ట్యాగు, అంటే పేరా మొదలూ చివరా చెప్పే గుర్తు. పాత వేదిక నుంచి నేను తరలించిన టపాల్లో ప్రతి పేరా 'పి'లో కాకుండా 'డివ్' అనే ట్యాగులో చుట్టి ఉంది. ప్లగిన్ లెక్కలో ఆ టపాల్లో ఒక్క పేరా కూడా లేదు. లేని నాలుగో పేరాను అది ఎక్కడని వెతుకుతుంది?

దీనికి దగ్గరి దారి ఒకటి ఉంది. పేరాలుగా ఏ ట్యాగులను లెక్కపెట్టాలో ప్లగిన్‌లో చెప్పవచ్చు. 'పి' పక్కన 'డివ్' కూడా చేర్చాను. పెట్టెలు వచ్చేశాయి. నాకు సంబరం ఐదు నిమిషాలు నిలిచింది. ఫోటోలు కూడా 'డివ్'లోనే ఉంటాయి కదా! మందారం ఫోటోకూ, 'మా ఇంటి ముద్ద మందారం' అనే వ్యాఖ్యకూ మధ్య ప్రకటన వచ్చి కూర్చుంది. పాఠకుడు ఆ ప్రకటననే ముద్ద మందారం అనుకునే ప్రమాదం ఉంది.

దగ్గరి దారి వదిలేసి, నకలు సైటు డేటాబేసులో వెతికి మార్చే పని పెట్టుకున్నాను. ఫోటోలు లేని 'డివ్'లను మాత్రమే 'పి'లుగా మార్చాను. బ్యాకప్ రెండు చోట్ల తీశాను. ఒకటి నా భయానికి, ఒకటి పిన్ని భయానికి. మొత్తం 131 టపాలు మారాయి. మార్చిన తరువాత ఇరవై టపాలు ఏరుకుని అక్షరం అక్షరం చూశాం. పిన్నికి ఆ చూడటంలో తన పాత అచ్చుతప్పులు నాలుగు దొరికాయి. వాటి కోసం నన్ను గంటసేపు ఆపింది.

సాయంత్రానికి ఇంకో సంగతి బయటపడింది. జీవామృతం టపా. ఇరవై లీటర్ల నీటికి కిలో పేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు పుట్టమట్టి. పిన్ని జాబితా బటను ఎప్పుడూ వాడదు. ఒక్కో సరుకూ రాసి ఎంటర్ నొక్కుతుంది, అలవాటు. కాబట్టి ప్లగిన్‌కు ఒక్కో సరుకూ ఒక్కో పేరా. బెల్లానికీ శనగపిండికీ నడుమ ప్రకటన పడింది. అక్కడ రేపు బంగారం మీద రుణం అని వస్తే ఎవరైనా బకెట్లో గొలుసు వేసేస్తారు.

పిన్ని అలవాటు మార్చడం నా వల్ల కాదు. ఒకటో బ్లాకు సెట్టింగుల్లోనే రెండు నియమాలు పెట్టాను. టపాలో కనీసం ఎనిమిది పేరాలు ఉంటేనే రావాలి. చుట్టుపక్కల పేరాల్లో 'గ్రాము', 'లీటరు' అనే మాటలు ఉంటే అక్కడ దిగకూడదు. రెండో నియమం నా సొంత తెలివి, దాని గురించి కాస్త గర్వంగానే ఉంది.

జూన్ 19, గురువారం

మెట్రోలో పరీక్ష. తార్నాకలో ఎక్కి రాయదుర్గం దాకా, ఒక చేత్తో పైనున్న పట్టీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను. పిన్ని పాఠకులు చాలామంది చదివేది ఇలాగే. కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తే ఈ బాధలు తెలియవు.

అమీర్‌పేటలో జనం తోసుకు ఎక్కేటప్పుడు పేజీ పక్కకు జారుతోందని గమనించాను. చూస్తే 728 పిక్సెళ్ళ వెడల్పున్న బోర్డు, కంప్యూటర్ తెర కోసం పెట్టినది, ఫోనులోకి వచ్చింది. ఫోనుకు చిన్న పెట్టె, కంప్యూటర్‌కు పెద్ద పెట్టె అని నేను విడివిడిగానే పెట్టాను. మరి ఇదెలా?

హైటెక్ సిటీ వచ్చేసరికి అర్థమైంది. ఏ పరికరమో గుర్తించే పనిని సర్వరుకు అప్పగించాను. సర్వరేమో వచ్చినవారిని చూసి పేజీ కడుతుంది. కానీ సైటు వేగం కోసం కాషింగ్ ప్లగిన్ కూడా పెట్టుకున్నాం. అది ఒకసారి కట్టిన పేజీని దాచుకుని తరువాత వచ్చినవారందరికీ అదే ఇస్తుంది. మొదట చూసింది నేను, ఆఫీసు కంప్యూటర్‌లో. నా కోసం కుట్టిన చొక్కాను ఊరందరికీ తొడిగింది.

రెండు కొలతల గొడవే వద్దనుకున్నాను. తెర వెడల్పును బట్టి తనే సర్దుకునే రెస్పాన్సివ్ యూనిట్ వాడతాం. కాషింగ్ ఖాళీ చేశాను. తిరుగు ప్రయాణంలో పేజీ కదల్లేదు.

జూన్ 22, ఆదివారం

శుక్రవారం అనుమతి వచ్చింది. ఈ ఉదయం నకలులో చేసిన మార్పులను అసలు సైటులోకి తెచ్చి, బూడిద పెట్టెల స్థానంలో అసలు కోడు వేశాను. నిర్వాహకులుగా లాగిన్ అయినవారికి ప్రకటనలు కనిపించకుండా ప్లగిన్‌లో మీట ఉంది. అది ముందే నొక్కాను. సొంత ప్రకటనల మీద సొంతవాళ్ళు నొక్కడం నిబంధనలకు విరుద్ధం, పొరపాటున వేలు తగిలినా లెక్కలోకి వస్తుంది.

యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ అనే చిన్న ఫైలును సైటు మూలంలో పెట్టాలి. రేషను దుకాణం గోడ మీద అధీకృత డీలరు పేరు రాసినట్టు, ఈ సైటులో ప్రకటన జాగా అమ్మే హక్కు ఎవరికుందో చెప్పే పలక అది. దొంగ అమ్మకాలు ఆపడానికి ఆన్‌లైన్ ప్రకటనలకు ప్రమాణాలు రాసే సంస్థ ఐఏబీ టెక్ ల్యాబ్ 2017లో తెచ్చిన పద్ధతి. మాకైతే ఒకే ఒక్క వరుస: గూగుల్ చిరునామా, మా ప్రచురణకర్త సంఖ్య, 'డైరెక్ట్' అనే మాట, చివర గూగుల్ గుర్తింపు సంకేతం. కామాలు సరిగ్గా ఉంటే చాలు. ప్లగిన్ నుంచే రాయవచ్చు.

మధ్యాహ్నం మొదటి ప్రకటన. బాబాయి ఫోనులో చూశాం. పిండినల్లికి వేపనూనె వాడండి, రసాయనాల జోలికి పోకండి అని పిన్ని రాసిన టపా. దాని నడిబొడ్డున రసాయన పురుగుమందు!

యంత్రాన్ని తిట్టి లాభం లేదు. పేజీలో ఏ మాటలు ఉన్నాయో, చదివేవారికి దేని మీద ఆసక్తో చూసి అది ప్రకటన ఎంచుకుంటుంది. 'పురుగు' అనే మాట ఆ టపాలో పదకొండుసార్లు ఉంది. పిన్ని దాన్ని మెచ్చుకుంటోందో తిడుతోందో దానికి పట్టదు. "బడిలో కొందరు పిల్లలూ అంతే. ప్రశ్నలో ఒక్క పదం చూసి జవాబు రాసేస్తారు" అంది పిన్ని, నాకు ఆశ్చర్యం కలిగేంత శాంతంగా.

ఆడ్‌సెన్స్ ఖాతాలో సమీక్ష కేంద్రం అని ఒకటుంది. వచ్చిన ప్రకటనలు చూసి, వద్దనుకున్న ప్రకటనదారు చిరునామాను నిలిపివేయవచ్చు. పురుగుమందుల కంపెనీలు మూడింటిని ఆపాను. సున్నితమైన వర్గాల జాబితాలో జ్యోతిషం మీట ఆపేశాను. తోటపని మొత్తాన్నీ ఆపేస్తే తేలిక అనిపించింది గానీ, అప్పుడు కుండీల ప్రకటనలు కూడా పోతాయి. కాబట్టి వారానికోసారి కూర్చుని కలుపు తీయడమే.

జూన్ 29, ఆదివారం

ఉదయం ఏడింటికి పిన్ని వాట్సాప్ బృందంలో, మూడు వందల మంది మిద్దె తోటల వాళ్ళున్న బృందంలో, పిన్ని సందేశం: 'మన సైటులో ప్రకటనలు వస్తున్నాయి. అందరూ దయచేసి రోజుకొకసారి వాటి మీద నొక్కి సహకరించగలరు.' కింద నమస్కారాలు, మందారాలు.

నేను చూసేసరికి పద్నాలుగు మంది 'తప్పకుండా మేడమ్' అన్నారు.

తార్నాక నుంచి హబ్సిగూడకు ఆటోలో వెళ్ళాను. ఫోనులో చెప్పే విషయం కాదు. నొక్కమని అడగడం ప్రకటనల లోకంలో అన్నిటికంటే పెద్ద తప్పు, ఖాతా మూసేయవచ్చు. "చందా అడిగినట్టే కదా, ఇందులో మోసం ఏముంది?" అంది పిన్ని. ప్రకటన ఇచ్చినవాడు ప్రతి నొక్కుడుకూ డబ్బు కట్టేవాడు, కొనే ఉద్దేశం లేనివాళ్ళు నొక్కితే అతని జేబు కోసినట్టే అని చెప్పాను. పిన్ని ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తరువాత సందేశం తీసేసి, ఇంకోటి పెట్టింది: 'నేను అడిగింది తప్పు. ఎవరూ నొక్కవద్దు. మన్నించగలరు.' ముప్ఫై ఆరేళ్ళు పిల్లల చేత క్షమాపణలు చెప్పించిన మనిషి రాసింది కాబట్టి పొల్లు లేకుండా ఉంది.

ఎనిమిదో తరగతి చదివే పిన్ని మనవడు అప్పుడు నోరు విప్పాడు. "నేను నిన్న ఇరవై సార్లు నొక్కాను అత్తా."

చెల్లని క్లిక్కుల గురించి మనంతట మనమే తెలియజేసే పత్రం ఉంది. బృందం సంగతి, మనవడి సంగతి దాచకుండా రాసి పంపాను. ఆ రోజు వచ్చిన ఆదాయం ఎలాగూ తీసేస్తారు, తీసేయాలి కూడా.

జూలై 6, ఆదివారం

ఇంకో బాధ. పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టిన రెండు క్షణాలకు అక్షరాలు కిందికి దూకుతున్నాయి. ప్రకటన ఆలస్యంగా వచ్చి తన జాగా తాను తోసుకుంటోంది. లంకె మీద పెట్టబోయిన వేలు ప్రకటన మీద పడుతుంది. పోయిన వారం గొడవ తరువాత ఇది నాకు మరీ భయం.

మందు చిన్నదే. ఒకటో బ్లాకు చుట్టూ 280 పిక్సెళ్ళ ఎత్తు ముందే కేటాయించాను. ప్రకటన వచ్చినా రాకపోయినా ఆ జాగా దానిదే, అక్షరాలు కదలవు. ఈ దూకుడుకు గూగుల్ ఒక కొలత పెట్టింది, 0.1 లోపు ఉంటే మంచిది. మాది 0.31 నుంచి 0.14కు వచ్చి ఆగింది.

మిగతాది ఎక్కడిదా అని చూస్తే ప్రకటనలకు సంబంధమే లేదు. తెలుగు ఫాంటు! అది దిగేదాకా ఫోనులో ఉన్న ఫాంటుతో పేజీ కనిపిస్తుంది, దిగాక మారుతుంది. రెండు తెలుగు ఫాంట్ల మధ్య ఎత్తులు చాలా తేడా. పైన గుడులు, కింద ఒత్తులు కలిపి ఒక్కో వరుసా కాస్త పెరిగితే, ముప్ఫై వరుసలకు పేజీ జానెడు జారుతుంది. ఫాంటు ఫైలును ముందే తెప్పించి, వరుసల మధ్య ఎత్తును ఖాయం చేశాను. 0.06. తెలుగు సైట్లు నడిపేవాళ్ళు ప్రకటనలను తిట్టేముందు ఒకసారి ఫాంటును అనుమానించండి.

జూలై 13, ఆదివారం

సికింద్రాబాద్ మహంకాళి బోనాలు. అమ్మతో వెళ్ళి వచ్చి లెక్క చూశాను.

మూడు వారాలకు 2 డాలర్ల 86 సెంట్లు.

ఇదే వేగమైతే నెలకు నాలుగు డాలర్ల చిల్లర. ఆడ్‌సెన్స్ 100 డాలర్లు నిండితే గానీ చెల్లించదు. దానికి రెండేళ్ళు పడుతుంది. ఈలోగా 10 డాలర్లు దాటితే చిరునామా సరిచూడటానికి పిన్ సంఖ్యతో కాగితం ఉత్తరం వస్తుందట. బాబాయికి అది మాత్రం నచ్చింది. "పోస్టులో వస్తుందా? అయితే నిజమైన కంపెనీయే" అన్నారు.

జూలై 27, ఆదివారం

ఉప్పల్‌లో విత్తనాల దుకాణం నడిపే ఒకాయన పిన్నికి ఫోను చేశారు. విత్తే నెలల పట్టిక ఉన్న పేజీలో తన దుకాణం బోర్డు పెడితే నెలకు ఐదు వందలు ఇస్తారట. ఏడాదికి ఆరు వేలు. హోస్టింగు బిల్లు దాదాపు తీరిపోతుంది, మధ్యలో యంత్రం లేదు.

పని నాకు పది నిమిషాలు. శీర్షిక కింద వద్దని ఆపేసిన మూడో బ్లాకు ఉందిగా, దాన్ని ఆ ఒక్క పేజీలో పట్టిక కిందికి మార్చాను. బొమ్మ, లంకె, పైన 'ప్రకటన' అని స్పష్టంగా ఒక మాట. డబ్బు తీసుకుని పెట్టిన లంకె అని సెర్చి యంత్రాలకు చెప్పే 'స్పాన్సర్డ్' గుర్తు కూడా తగిలించాను. గూగుల్ ప్రకటనలా కనిపించకుండా వేరే రంగు వేశాను. మీట నొక్కడమే తరువాయి.

"ఆగు" అంది పిన్ని. "ఆ గింజలు నేను చూడలేదు. ఇన్నాళ్ళూ నేను వేసి చూసినవే రాశాను. ఆయన్ను పది బీర గింజలు పంపమను."

అవి ప్రకటనలు, నీ మాటలు కావు, పైన రాసి ఉంటుంది కదా అన్నాను. "రాసి ఉంటే చదువుతారనుకున్నావా? పిన్ని పేజీలో ఉందంటే పిన్ని చెప్పిందనే అంటారు" అంది.

గింజలు సోమవారం వస్తాయట.

ఆగస్టు 5, మంగళవారం

ఆఫీసు నుంచి తిరిగి వస్తూ హబ్సిగూడలో దిగాను. మిద్దె మీద కొత్త ట్రే, పది గుంటలు, పక్కన పుల్లకు చీటీ: 'జూలై 28, సాయంత్రం'. మొలకలు ఆరు. ఏడో గుంటలో మట్టి కొద్దిగా పగిలింది.

దుకాణం ఆయన ఈ రోజు రెండుసార్లు ఫోను చేశారట. ఎనిమిది మొలిస్తే బోర్డు పెడతానని పిన్ని చెప్పిందట. ఆయన వానను తిట్టారట.

మూడో బ్లాకు ఇంకా ఆపే ఉంచాను.